మా రోజుల్లో అప్పుకు చివరుండేది

మా రోజుల్లో అప్పు మార్చడమంటే దాన్ని ముగించడానికే. సేటు దగ్గర నూటికి మూడు వడ్డీకి కుదువపెట్టిన కమ్మలు విడిపించాలంటే పీఎఫ్‌లో అడ్వాన్సు తీసేవాళ్ళం, లేదంటే చీటీ పాడేవాళ్ళం. పాట డబ్బు నేరుగా సేటు గల్లాకే పోయేది. చీటీ కంతులు ఏ నెలతో సరో ఇంటిల్లిపాదికీ తెలిసుండేది. ఇప్పుడేమో బంగారుపేటలో ఇల్లు కట్టుకున్న మా మనవడికి రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "మీ హోమ్‌లోన్ మా దగ్గరికి మార్చుకోండి సార్, కంతు తగ్గుతుంది" అంటారు. ఎన్నేళ్ళు కట్టాలో అడిగితే తప్ప చెప్పరు.

నాకు కోపం వచ్చేది అక్కడే. మనవణ్ణి కూర్చోబెట్టి కాగితం మీద లెక్క వేయించాను. పది లక్షల బాకీ, పదిన్నర శాతం వడ్డీ, ఇంకా పదేళ్ళ గడువు ఉందనుకోండి. కంతు 13,493 రూపాయలు. దాన్ని తొమ్మిది శాతానికి మార్చి, గడువు మళ్ళీ ఇరవై ఏళ్ళు చేస్తే కంతు 8,997కు దిగుతుంది. నెలకు నాలుగున్నర వేలు మిగిలిందని ఇంట్లో అందరికీ సంతోషమే. కానీ మొత్తం కట్టేది 16.19 లక్షల నుంచి 21.59 లక్షలకు పోతుంది. అదే తొమ్మిది శాతానికి మార్చినా గడువు పదేళ్ళే ఉంచితే కంతు 12,668, మొత్తం 15.20 లక్షలు. దాదాపు లక్ష మిగులుతుంది, అందులో కాగితాల ఖర్చు, ఫీజులు పోవాలి. వడ్డీ తగ్గడం మంచిదే. గడువు పెంచడమే మోసం. పైగా 'టాపప్' అని ఇంకో రెండు లక్షలు చేతిలో పెడతారు, ఆ డబ్బు బైక్‌కో పెళ్ళికో పోతుంది.

మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పును ముందే తీర్చేస్తే బ్యాంకులు జరిమానా వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పింది. ఉన్న బ్యాంకునే గట్టిగా అడిగితే కొద్ది ఫీజు కట్టించుకుని వడ్డీ తగ్గించడమూ ఉంది. మన పిల్లలకు అడగడానికి మొహమాటం. బాకీ ఎంతుందో రాసిమ్మని అడగడానికి ఎవరికీ భయపడాల్సిన పని లేదు.

సరే, మా మనవడికైనా సైటు ఉంది, ఖాతా ఉంది. కోలారు బంగారు గనుల్లో మా కార్మికుల ఇళ్ళ వరసల, అదే లైన్ల, సంగతి వేరు. మా నాయన కాలంలో గనులు జాన్ టేలర్ కంపెనీవి. గని యంత్రాలకు శివనసముద్రం నుంచి 1902లోనే కరెంటు వచ్చింది, కూలివాడి ఇంటికి మాత్రం వెదురు తట్టి గోడలు. వానొస్తే లోపలా వానే. తర్వాత గనులు 1956లో మైసూరు ప్రభుత్వానికి, 1962లో కేంద్రానికి పోయాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ (బీజీఎంఎల్) అయింది. యజమాని మారినప్పుడల్లా జనం తమ చేతి డబ్బుతో ఒక గోడ లేపారు, ఒక వంటిల్లు కలిపారు. 2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు. గోడ మాది, నేల మాది కాదు. బ్యాంకు కౌంటరు దగ్గర ఆ గోడకు విలువే లేదు.

అమెరికాలో ఉన్న మా బంధువుల పిల్లవాడు చెప్తే తెలిసింది, అక్కడా ఇదే బాధ ఉంది. ఫ్యాక్టరీలో తయారుచేసి లారీ మీద తెచ్చి నిలబెట్టే ఇళ్ళుంటాయి. అద్దె స్థలంలో నిలబెడితే దాన్ని ఇల్లుగా చూడరు, కారుకిచ్చినట్టు అప్పిస్తారు. వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ, తర్వాత తక్కువ వడ్డీకి మార్చుకుందామంటే ఒప్పుకునేవాడు దొరకడం కష్టం. సొంత నేల, పక్కా పునాది ఉంటేనే మామూలు ఇంటి అప్పు. ఆ దూరదేశపు పేదవాడికీ ఇక్కడి గనుల దగ్గర చాంపియన్ రీఫ్స్‌లో ఉన్న మాకూ కావలసింది ఒకటే, కాళ్ళ కింద నేల మీద హక్కు.

అది లేనివాళ్ళు ఎక్కడికి పోతారు? గొలుసు తీసుకుని గోల్డ్‌లోన్ ఆఫీసుకు. ధర పెరిగినప్పుడల్లా అదే గొలుసు మీద ఇంకొంచెం ఇస్తారు, పాత బాకీ కొత్త బాకీలో కలుస్తుంది. లేదంటే మైక్రోఫైనాన్స్ అప్పులిచ్చే మహిళా సంఘం. ఒక సంఘం కంతు కట్టడానికి ఇంకో సంఘంలో చేరేవాళ్ళు మా జిల్లాలో ఎంతమందో! 2009లో కోలారు పట్టణంలో ముస్లింల సంస్థ అంజుమన్ పెద్దలు మైక్రోఫైనాన్స్ కంతులు కట్టొద్దని ప్రకటించేదాకా వచ్చింది. వసూలు చేసేవాళ్ళు కంతు కోసం ఇంటి ముందు కూర్చోవడం ఆగలేదు కాబట్టే 2025లో కర్ణాటక ప్రభుత్వం వేధింపుల మీద ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది.

మా రోజులు మంచివని నేననను. సేటు వడ్డీ రక్తం పీల్చేది. కానీ అప్పిచ్చినవాడి గుమ్మం ఎక్కడుందో తెలుసు, పండక్కి బోనస్ వస్తే పోయి తీర్చేవాళ్ళం. ఇప్పుడు ఎవరికి బాకీ ఉన్నామో కూడా కాగితం చదివితే గానీ తెలియదు.

లైన్లలో బతుకుతున్న మాజీ కార్మికుల పేర హక్కుపత్రాలు ఇవ్వండని అడిగి అడిగి మా గొంతులు ఎండిపోయాయి. ఆ కాగితం చేతికొస్తే మా పక్కింటి ముసలామె కూడా బ్యాంకు వడ్డీకే అప్పు తీసి, ఏళ్ళ తరబడి కుదువలో ఉన్న గొలుసు విడిపించుకుంటుంది.