గుర్రాలు అరవై, గుర్రు నూరు

గోవాలో తయారైన మన దేశవాళీ స్పోర్ట్స్ కారు శాన్ స్టార్మ్. పేరేమో తుఫాను, లోపలున్నది 1,149 సీసీ రెనో ఇంజను, సుమారు 60 గుర్రాల బలం. అలాంటి పాత బండొకటి చిట్కుల్ కుర్రాడికి చిక్కిందనుకోండి. చేతిలో డబ్బు తక్కువ. అందుకని మొదటి జీతం వెనక రెక్కకు, రెండోది సైలెన్సర్‌కు. బ్రేకులా? పైకి కనబడని వాటికి ఖర్చెందుకు! ఇక ముత్తంగి దగ్గర హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే చుట్టుపక్కలంతా ఉలిక్కిపడాల్సిందే... ఒక్క సిమెంటు లారీ తప్ప. అది తాపీగా దాటిపోతుంది. బాబూ, మోటారు వాహనాల చట్టం ఒప్పుకోని మార్పు ఒక్కోదానికి జరిమానా 5,000 రూపాయలు. పాత సామాన్ల కొట్టులో బేరమాడినట్టు ఇక్కడ కుదరదు.