సెల్ఫోపాఖ్యానం: టీకా తాత్పర్య సహితం

మూలం

ఉస్తాద్! ఒక్కోపారి టక్కుమంటది,
ఒక్కోపారి గదీ అనదు.
నూకితే అందుకుంటది,
షెడ్డుకు తెస్తే మంచిగనే కొడ్తది.

అవతారిక: చాబీ తిప్పితే ఒకసారి స్టార్టయి మరొకసారి మొండికేసే పాత పికప్ బండి గురించి డ్రైవరు మెకానిక్‌కు చేసుకునే విన్నపం ఇది. నిజామాబాద్ నుంచి ఎడపల్లి మీదుగా బోధన్ వరకు, అక్కడి నుంచి రుద్రూరు, వర్ని, కోటగిరి దారుల్లోని షెడ్లలో మౌఖికంగా ప్రచారంలో ఉంది. కర్త అజ్ఞాతుడు, ఒక్కడు కాడనే అభిప్రాయమే బలంగా ఉంది. ఛందస్సు ఏ గణానికీ లొంగదు. యతి మాత్రం బండి ఆగినచోట పడుతుంది. బోధనే భారతంలోని ఏకచక్రపురమని స్థానిక ఐతిహ్యం. అయితే బకాసురుడికి భీముడు తోలుకెళ్లిన అన్నపు బండి స్టార్టు కాలేదని ఏ ప్రతిలోనూ లేదు. దానికి కట్టినవి దున్నపోతులు.

సందర్భం: బండి పదిహేనేళ్లు దాటిన బొలెరో పికప్, 2523 సీసీ, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడ్డాక ఆ చుట్టుపక్కల చెరకు తగ్గి వరి పెరిగింది. ఇప్పుడు ఇలాంటి బళ్లలో ఎక్కేవి యూరియా, పొటాష్ సంచులు, వడ్లు, సోయా, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోయే పసుపు. సీజనులో బండికి రాత్రీ పగలూ తేడా ఉండదు. సీజను దాటితే వారాల తరబడి చెట్టు కింద నిలబడి ఉంటుంది. జబ్బుకు మూలం ఈ రెండు అలవాట్లలోనూ ఉంది.

పాఠాంతరం: నిజాంసాగర్ కాలువల కింద సాగుకు కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల క్యాంపుల్లో మూడో పాదం ‘నెడితే అందుకుంటుంది’ అని వినిపిస్తుంది. అర్థంలో భేదం లేదు. నెట్టడానికి కావలసిన మనుషుల సంఖ్యలోనూ లేదు.

ప్రతిపదార్థం: ఉస్తాద్ = ఓ మెకానిక్ మహాశయా; ఒక్కోపారి = కొన్ని సమయాల్లో; టక్కుమంటది = సెల్ఫ్ మోటారు మీది సోలినాయిడ్‌లో ఇనుపకడ్డీ ముందుకు దూకి తగిలిన చప్పుడు ఒక్కటే చేసి ఊరుకుంటుంది; ఒక్కోపారి = మరికొన్ని సమయాల్లో; గదీ అనదు = ఆ పాటి చప్పుడుకు కూడా నోచుకోదు; నూకితే = చాబీ ఆన్ చేసి, రెండో గేరు వేసి, క్లచ్ తొక్కి పట్టి, నలుగురు వెనకనుంచి తోయగా క్లచ్ వదిలితే; అందుకుంటది = ఇంజను నడక అందుకుంటుంది; షెడ్డుకు తెస్తే = తమ సన్నిధికి తీసుకువస్తే; మంచిగనే కొడ్తది = సెల్ఫ్ నిక్షేపంగా తిరుగుతుంది. ‘మంచిగనే’లోని అవధారణలో డ్రైవరు పడిన అవమానం ధ్వనిస్తుంది.

తాత్పర్యం: అయ్యా, ఈ బండి నేను చెప్పేది అబద్ధమని మీ ముందు రుజువు చేస్తోంది, అయినా నమ్మండి.

శంక: ‘ఒక్కోపారి’ రెండుసార్లు వచ్చింది కదా, ఇది పునరుక్తి దోషం కాదా? సమాధానం: కాదు. రోగనిర్ణయానికి కావలసిన కీలకమంతా ఈ పునరుక్తిలోనే ఉంది. సెల్ఫ్ తిరగడానికి కరెంటు రెండు దారుల్లో నడవాలి. మొదటిది సన్నదారి: బ్యాటరీ నుంచి ఇగ్నిషన్ స్విచ్చి, అక్కడి నుంచి రిలే, ఆ పైన సోలినాయిడ్ చుట్ట. ఈ దారి బాగుంటే టక్కుమంటుంది. రెండోది లావుదారి: బ్యాటరీ నుంచి మందపు కేబులు, సోలినాయిడ్‌లోని రాగి కాంటాక్టులు, కార్బన్ బ్రష్‌లు, ఆర్మేచరు; తిరుగు ప్రయాణంలో ఇంజను బాడీ, ఎర్త్ పట్టీ, మళ్లీ బ్యాటరీ. ఈ దారి బాగుంటే తిరుగుతుంది. టక్కుమని ఆగిపోయిన రోజున సన్నదారి పని చేసి లావుదారి చెడింది. చప్పుడే లేని రోజున సన్నదారే చెడింది. ఒకే బండిలో రెండు దారులూ వేరువేరుగా, వంతులు వేసుకుని చెడడం లోకంలో అరుదు. కాబట్టి ముందు చూడవలసింది రెండు దారులకూ ఉమ్మడిగా ఉన్న చోటు. అవి బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ పట్టీ. మూలకారుడు ఒక్క ‘ఒక్కోపారి’తో సరిపెట్టి ఉంటే ఈ సంగతి తెలిసేది కాదు.

మతభేదాలు: ఈ పద్యాన్ని వ్యాఖ్యానించేవారిలో మూడు సంప్రదాయాలున్నాయి. బ్యాటరీవాదులు మొదటి పాదం వినగానే కొత్త బ్యాటరీ తెమ్మంటారు. సెల్ఫ్‌వాదులు సెల్ఫ్ దించి బ్రష్‌లు మార్చి, వీలైతే ఆర్మేచరు చుట్టిస్తారు. స్విచ్‌వాదులు సంఖ్యలో తక్కువ. రెండో పాదాన్నే ప్రమాణంగా తీసుకుని స్టీరింగు కింద పడుకుంటారు. మూడు మతాల్లోనూ కొంత నిజం ఉంది, మూడింటిలోనూ బిల్లు ఉంది. మల్లినాథసూరిని మెదక్ జిల్లా కొల్చారం వాడిగా చెబుతారు. మూలంలో ఆధారం లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ ఆ వ్యాఖ్యాత నియమం పెట్టుకున్నాడు. కొల్చారం నిజామాబాద్‌కు మరీ దూరం కాకపోయినా ఈ నియమం ఇక్కడి షెడ్లదాకా రాలేదు.

బ్యాటరీవాద ఖండనం: నిండుగా ఛార్జయి, కాసేపు కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12 వోల్టులకు వచ్చిందంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతుండగా 9.6 కంటే దిగజారకూడదు. ఈ మూడు అంకెలూ సరిగా ఉంటే బ్యాటరీ నిర్దోషి. దాని వయసు ఎంతైనా సరే. చప్పుడు ‘టక్కు’మని ఒక్కటే కాక ‘టకటకటక’ అని వరుసగా వస్తే బ్యాటరీవాదుల మాట వినవచ్చు: సోలినాయిడ్ పట్టుకోగానే వోల్టేజి కుంగి వదిలేస్తుంది, వదలగానే వోల్టేజి కోలుకుని మళ్లీ పట్టుకుంటుంది. అయితే అదే చప్పుడు వదులైన టెర్మినల్ వల్ల కూడా వస్తుంది. మూలంలో ఉన్నది ఒక్క టక్కు మాత్రమే.

సిద్ధాంతం: ఎర్త్. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. రబ్బరు కరెంటును పోనివ్వదు. ఇంజనుకూ చాసిస్‌కూ మధ్య అల్లిన రాగి పట్టీయే తిరుగుదారి. దాని బోల్టు కింద తుప్పు చేరుతుంది. ఎరువుల సంచుల దుమ్ము గాలిలో తేమను పీల్చి అక్కడ అంటుకుని ఉంటుంది, పొటాష్‌లోని ఉప్పుగుణం ఇనుమును తింటుంది. పైకి పట్టీ పట్టీలాగే కనిపిస్తుంది.

ఇక లెక్క. ఇలాంటి డీజిల్ ఇంజనును తిప్పేటప్పుడు సెల్ఫ్ 200 ఆంపియర్లకు తక్కువ కాకుండా లాగుతుందనుకుంటే, తుప్పు పట్టిన కీలులో ఓములో నూరోవంతు నిరోధం ఉన్నా అక్కడే 2 వోల్టులు హరించుకుపోతాయి. 400 వాట్లు ఆ బోల్టును వేడి చేయడానికే ఖర్చవుతాయి. సెల్ఫ్ మొరాయించిన వెంటనే టెర్మినళ్లనూ ఎర్త్ బోల్టునూ జాగ్రత్తగా వేలితో తాకి చూస్తే దోషి వెచ్చగా దొరుకుతాడు. అదే కీలు గుండా 5 వాట్ల బల్బు వెలిగిస్తే పోయేది వోల్టులో వెయ్యోవంతులు నాలుగైదు. ‘బల్బు మంచిగ వెలుగుతుంది, కరెంటు వస్తుంది’ అన్న నిర్ణయం షెడ్లలో ఎక్కువ సెల్ఫ్ మోటార్లను అన్యాయంగా విప్పించింది.

కొలిచే పద్ధతి: మల్టీమీటరు ఒక తీగను బ్యాటరీ నెగటివ్ సీసపు గుబ్బ మీద, రెండోదాన్ని ఇంజను బాడీలో శుభ్రమైన ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. గుబ్బ మీదే పెట్టాలి, టెర్మినల్ మీద కాదు. గుబ్బకూ టెర్మినల్‌కూ మధ్య పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడే చాలాసార్లు ముద్దాయి. 0.3 వోల్టు దాటితే ఎర్త్ దారి చెడింది. తర్వాత పాజిటివ్ గుబ్బ నుంచి సెల్ఫ్ మీది లావు బోల్టు దాకా అదే విధంగా, ఇక్కడ 0.5 దాకా సహించవచ్చు. కరెంటు పారుతున్నప్పుడే ఈ అంకెలకు విలువ. చాబీ తిప్పకుండా కొలిస్తే అన్ని బళ్లూ ఆరోగ్యంగానే ఉంటాయి. రెండు దారులూ బాగుండి, సెల్ఫ్ బోల్టు దాకా వోల్టేజి నిండుగా వచ్చి, అయినా టక్కుమని ఊరుకుంటే అప్పుడు సెల్ఫ్‌వాదులను పిలవాలి: లోపల రాగి కాంటాక్టులు కాలిపోయాయి, లేదా బ్రష్‌లు అరిగి ఆర్మేచరును అందుకోవడం లేదు. మొరాయించినప్పుడు సెల్ఫ్ మీద పానా పిడితో మెల్లగా తట్టగానే తిరిగితే ఈ నిర్ణయం బలపడుతుంది. తట్టడం పరీక్ష మాత్రమే. దాన్నే చికిత్సగా ఏళ్ల తరబడి కొనసాగించే డ్రైవర్లున్నారు. సోలినాయిడ్ బోల్టులు రెండింటినీ పానాతో కలిపి సెల్ఫ్ కొట్టించే పద్ధతిని మాత్రం ఈ వ్యాఖ్య అంగీకరించదు: గేరులో ఉన్న బండి కొట్టినవాడి మీదికే వస్తుంది.

మూడో పాద విశేషం: ‘నూకితే అందుకుంటది.’ ఇక్కడ అన్వయవ్యతిరేకాలు చూడాలి. నూకినప్పుడు చక్రాలు ఇంజనును తిప్పాయి, సెల్ఫ్ తిప్పలేదు. ఇంజను అందుకుంది. అంటే డీజిల్ వస్తోంది, పంపు కొడుతోంది, కంప్రెషన్ ఉంది. ఈ పాదం విన్న తర్వాత కూడా నాజిళ్లు విప్పడం పద్యాన్ని చదవకపోవడమే. సెల్ఫ్ గిరగిరా తిరుగుతూ ఇంజను మాత్రం పలకకపోతే అది వేరే పద్యం. అక్కడ పొగను చూడాలి. పొగే రాకపోతే డీజిల్ అందడం లేదు, పైపులో గాలి పట్టి ఉంటుంది. తెల్లపొగ వస్తే డీజిల్ వచ్చి మండడం లేదు.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. కొందరు నూకకుండానే, గేరులో వేసి బండిని ముందుకూ వెనక్కూ ఊపి, తర్వాత సెల్ఫ్ కొడితే అందుకుందంటారు. అప్పుడు అనుమానం ఫ్లైవీల్ పళ్ల మీదికి పోతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను ఆపిన ప్రతిసారీ కంప్రెషన్ అడ్డుకునే ఒకటి రెండు చోట్లే నిలుస్తుంది, సెల్ఫ్ పినియను ఏళ్ల తరబడి అక్కడి పళ్లనే కొడుతుంది, అవే అరుగుతాయి. అక్కడ చప్పుడు టక్కు కాదు, గర్రుమంటుంది. మూలంలో గర్రు లేదు.

మూలకారుడు చెప్పనివి: కాలం చెప్పలేదు. మెకానిక్ అడిగి తెలుసుకోవాలి. లోడుతో వచ్చి ఇంజను ఆపి పది నిమిషాల్లో మళ్లీ కొడితే మొరాయిస్తోందా? అయితే వేడి. రాగి నిరోధం 30 డిగ్రీల దగ్గర ఉన్నదానికంటే 100 డిగ్రీల దగ్గర నాలుగోవంతు పైగా పెరుగుతుంది. మే నెల ఎండలో ఇంజను పక్కనే ఉడికిన సోలినాయిడ్ చుట్ట బలం తగ్గుతుంది. వారం నిలబడ్డాక మొరాయిస్తోందా? అయితే దొంగ ఖర్చు. ఎల్‌ఈడీ పట్టీలు, పాటల పెట్టె, వింతహారన్ల తీగలు బ్యాటరీ టెర్మినల్‌కే మెలిపెట్టి ఉంటాయి. అవి అర ఆంపియరు తాగినా రోజుకు 12 ఆంపియర్ అవర్లు పోతాయి. 75 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి వారం గడవదు. వడ్లు మోసే బండిలో చప్పుడు బొత్తిగా లేకుండా పోతే ఎలుకను కూడా విచారించాలి.

నాలుగో పాద విశేషం: ‘షెడ్డుకు తెస్తే మంచిగనే కొడ్తది.’ ఇందులో దైవమాయ లేదు. బోధన్ నుంచి నిజామాబాద్‌కు పాతిక కిలోమీటర్లు నడిచేసరికి డైనమో బ్యాటరీని కొంత నింపింది. గుంతల కుదుపులకు వదులు టెర్మినల్ సర్దుకుంది. నలుగురు నూకినప్పుడు ఎర్త్ బోల్టు కూడా కదిలి కాస్త శుభ్రమైన ఇనుమును పట్టుకుంది. సాక్ష్యమంతా దారిలోనే పోయింది. అందువల్ల షెడ్డులో జబ్బును రప్పించాలి: ఒకరు సెల్ఫ్ కొడుతుంటే మరొకరు టెర్మినళ్లను, రిలేను, సన్నతీగలను ఒక్కొక్కటిగా కదపాలి.

అలా కూడా రాకపోతే పరీక్షను బండిలోనే పంపించాలి. సోలినాయిడ్‌కు వచ్చే సన్నతీగ కొన నుంచి ఒక తీగ కేబిన్‌లోకి తెచ్చి చిన్న బల్బుకు కలపాలి. బల్బు రెండో తీగ నేరుగా బ్యాటరీ నెగటివ్ గుబ్బకే పోవాలి, బాడీకి కాదు, ఎందుకంటే విచారణలో ఉన్నది బాడీ ఎర్తే. ఈసారి పొలం గట్టు మీద మొరాయించినప్పుడు బల్బు నిండుగా వెలిగితే దోషం లావుదారిలో. వెలగకపోతే స్విచ్చి, రిలే, సన్నతీగ. వెలిగి వెంటనే కుంగిపోతే బ్యాటరీ గానీ దాని టెర్మినల్ గానీ. డ్రైవరు చేయవలసిందల్లా చాబీ పట్టుకున్న చేతిని అలాగే ఉంచి బల్బును ఒకసారి చూసుకుని, ఆ పైన మనుషులను పిలవడం.