లెక్క ఫోనుకొచ్చు, మరి మనవడికో?

‘మా రోజుల్లో’ అని నోరు తెరిస్తే చాలు, మా ఇంట్లో పిల్లలు చెవుల్లో ఆ తెల్ల బిరడాలు పెట్టేసుకుంటారు. వాళ్లు ఎలాగూ వినరు, మీరైనా వినండి. చాదస్తం అంటారా, ఆ బిరుదు నాకెప్పుడో వచ్చేసింది.

మా రోజుల్లో చదువు సరంజామా అంటే పలక, బలపం, పెద్దబాలశిక్ష. ఆ పుస్తకం కూడా అన్నలందరి చేతులూ మారి, అట్ట ఊడిపోయాక నా దాకా వచ్చింది. ఛార్జింగ్ అయిపోయిందనీ నెట్ రావడం లేదనీ సాకులు చెప్పే వీల్లేదు. పొద్దుగూకాక అరుగు మీద కూర్చుని ఎక్కాలు అప్పజెబితేనే అన్నం. మా మనవడు తొమ్మిదో తరగతి. పదిహేడార్లు ఎంతరా అంటే జేబులో చెయ్యి పెడతాడు.

హోంవర్కు సంగతి మరీ విడ్డూరం. మాస్టారు బోర్డు మీద రాస్తే మేం రాసుకునేవాళ్లం. ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి తల్లి ఫోనులో వాట్సాప్ గ్రూపు టింగుమంటుంది. రేపటికి సౌరకుటుంబం చార్టు కావాలట! జెరాక్సు షాపు కట్టేసేలోగా మా కోడలు పరుగో పరుగు. గ్రహాలన్నీ ఆవిడ అంటిస్తుంది, మార్కులు వాడికి పడతాయి.

మొన్న వాడు లెక్క చేస్తుంటే పక్కనే కూర్చున్నాను. 150 మీటర్ల రైలు, 250 మీటర్ల ప్లాట్‌ఫారం, వేగం గంటకు 72 కిలోమీటర్లు. దాటడానికి ఎంతసేపు? వాడు పెన్ను తియ్యలేదు, ఫోను తీసి కెమెరాకి చూపించాడు. రెప్పపాటులో జవాబు: 20 సెకన్లు. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో కూడా అదే చెప్పింది. చక్కగా నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాడు. ‘రైలు పొడవు ఎందుకు కలిపావురా?’ అన్నాను. ‘అందులో కలిపారు తాతయ్యా, ఆన్సర్ కరెక్టే కదా!’ అన్నాడు.

ఇదే లెక్క మా మాస్టారు ఎలా చెప్పారో వినండి. బల్లని ప్లాట్‌ఫారం చేశారు. మమ్మల్ని ఒకడి చొక్కా ఒకడు పట్టుకుని రైలు కమ్మన్నారు. ముందున్న ఇంజను కుర్రాడు బల్ల చివర దాటగానే ‘దాటేసింది’ అని అందరం అరిచాం. ‘ఏరా, గార్డుని వదిలేసి పోతారట్రా?’ అన్నారాయన. వెనక్కి తిరిగి చూస్తే సగం రైలు ఇంకా బల్ల పక్కనే ఉంది. రైలు పొడవు ఎందుకు కలపాలో మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఈ కాలం పిల్లలకి అంతకన్నా మంచి రైలు చూపిస్తారని మా అబ్బాయి వాదన. నిజమే. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటుంది. దాన్ని ఫోనుకి చూపిస్తే, 2017లో కేంద్రం తెచ్చిన దీక్ష వేదికలో పాఠం వీడియో తెరుచుకుంటుంది. కానీ వీడియోలో రైలు తనంతట తనే దాటి వెళ్లిపోతుంది. ‘దాటేసింది’ అని తప్పు అరిచే అవకాశం పిల్లాడికి ఎక్కడిది? తప్పు చెప్పి, నాలుక కరుచుకుని, మళ్లీ ఆలోచించడంలోనే మాకు చదువు అబ్బింది. ఫోను ఆ ముక్కే ఎగరగొట్టేసింది.

పోనీ ఇదంతా ముసలాడి సణుగుడే అనుకోండి. పిల్లల చదువుల మీద ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు తెచ్చిన అసర్ 2024 నివేదిక చూడండి. దేశంలోని పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడడం వచ్చు. వాళ్లలో, అడిగిన నాటికి ముందు వారంలో చదువు కోసం ఫోను వాడామన్నవాళ్లు 57 శాతం. సోషల్ మీడియాకి వాడామన్నవాళ్లు 76 శాతం. ఇక అసర్ 2023లో ప్రథమ్ వాళ్లు పలకరించిన 14 నుంచి 18 ఏళ్ల పల్లె పిల్లల్లో దాదాపు పావు వంతు మంది, సొంత భాషలో రెండో తరగతి పాఠం తడుముకోకుండా చదవలేకపోయారు. ఫోను మాత్రం తడుముకోకుండా నొక్కుతారు.

అన్యాయంగా మాట్లాడను. 2020లో బళ్లు మూతపడ్డప్పుడు, ఇంట్లో ఫోనో టీవీయో ఉన్న పిల్లలకైనా పాఠం అందింది. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటీఎల్ పేరుతో పల్లెలో కూర్చున్నవాడికీ ఉచితంగా దొరుకుతున్నాయి. మాకు అయిదు మైళ్లు నడిచినా అలాంటి గురువు దొరికేవాడు కాదు. సూర్యరాయాంధ్ర నిఘంటువు కోసం లైబ్రరీలో పడిగాపులు పడ్డవాణ్ణి, ఇప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైటులో మంచం మీద పడుకునే చూస్తున్నాను. అయితే ఏం వెతకాలో ముందే తెలిసినవాడికే ఈ సుఖమంతా. పిల్లాడికి ఆ తెలివిడి రావడానికి ముందు మనిషి కావాలి.

అందుకని తల్లిదండ్రులకి నాదొకటే మనవి. ఫోను లాక్కోకండి, అది ఇక జరిగే పని కాదు. లెక్క ముందు కాగితం మీద చెయ్యనివ్వండి, తప్పో ఒప్పో. ఆ తర్వాతే ఫోను. రోజుకో లెక్క దగ్గర ‘ఎందుకు?’ అని అడగండి. జవాబు మీకు రాకపోయినా ఫరవాలేదు, అడగడం మాత్రం మానకండి.