నిమిషంలో బ్రహ్మకమలం

వేసవి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు అరనిమిషం వీడియో ఒకటి చూపించి నా బతుకు బస్టాండు చేసి వెళ్లాడు. వాడి బాల్కనీలోంచి తీసిన మబ్బులట. పెళ్లిలో రెండో పంక్తికి పరిగెత్తే జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి.

"ఎంతసేపు తీశావురా?"

"మూడు గంటలు మావయ్యా."

"మూడు గంటలు తీస్తే అరనిమిషమా? మిగతాదంతా ఏమైంది?"

ముప్పై ఏళ్లు బ్యాంకులో క్యాష్ కౌంటరు దగ్గర కూర్చున్నవాణ్ణి. లెక్క తగ్గితే నాకు అన్నం సహించదు. వాడు ఓపిగ్గా చెప్పాడు. మామూలు వీడియోలో సెకనుకు 30 బొమ్మలుంటాయి. టైమ్‌లాప్స్‌లో అయిదు సెకన్లకో పది సెకన్లకో ఒక్క బొమ్మే తీసి, చూపించేటప్పుడు మాత్రం సెకనుకు ముప్పై చొప్పున తిప్పేస్తారు. వాడి ఐఫోన్‌లో ఈ సదుపాయం 2014లో వచ్చిందట. మొదట సెకనుకు రెండు బొమ్మలు తీస్తుంది. పది నిమిషాలు దాటగానే అందులో సగం అవతల పారేసి, అక్కణ్ణుంచి సెకనుకు ఒకటే తీస్తుంది. ఇరవై దాటితే మళ్లీ సగం, నలభై దాటితే మళ్లీ సగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీసినా చివరికి తేలేది ఇరవై నుంచి నలభై సెకన్లే. ఎన్ని పాలు పోసినా అరకిలో కోవాయే దింపే మూకుడన్నమాట. నా ఫోన్లో ఆ తెలివి లేదు. ఎన్ని సెకన్లకో బొమ్మ కావాలో మనమే చెప్పాలి. నాకు అదే నచ్చింది. లెక్క నా చేతిలో ఉంటుంది.

మాది రాజమండ్రి. గోదావరికి ఈ ఒడ్డున మేముంటే సూర్యుడు అవతల కొవ్వూరు వైపు దిగుతాడు. అంతకంటే ఏం కావాలి? కోటిలింగాల ఘాట్‌లో గట్టు మీద ఇత్తడి చెంబు పెట్టి, దానికి ఫోను ఆనించి, అయిదు సెకన్లకో బొమ్మ అని చెప్పి నొక్కాను. కదిలించకూడదు కదా, పక్కన నాకేం పని? పిడతకింద పప్పు తిందామని వెళ్లాను. తిరిగొచ్చేసరికి చెంబుంది, ఫోను లేదు.

గుండె జారిపోయింది. నాలుగు మెట్ల కింద ఒక పెద్దాయన కూర్చుని నావైపే చూస్తున్నాడు.

"ఫోనేనాండీ? ఆయ్, ఎవరో పాపం మర్చిపోయేరనుకున్నానండి. పోలీసోళ్లకి ఇచ్చేద్దారని జేబులో ఏసేనండి."

దణ్ణం పెట్టి తీసుకున్నాను. ఆయన ధర్మాన నా మొదటి టైమ్‌లాప్స్‌లో మూడు సెకన్ల గోదావరి, ఆ తర్వాత ఆరు సెకన్ల పాటు గళ్ల చొక్కా జేబు లోపలి భాగం వచ్చాయి. జేబులో ఒక పెన్నుంది. సూర్యుడు ఎప్పుడు దిగాడో ఆ పెన్నుకే తెలియాలి.

తర్వాత మే నెలలో డాబా మీద మబ్బులు తీయబోయాను. పావుగంటకే ఫోను కాలే పెనంలా అయ్యి, చల్లబడేదాకా నన్ను ముట్టుకోవద్దని తెర మీద రాసి ఊరుకుంది. 35 డిగ్రీలు దాటని చోట వాడమని ఫోను పెట్టెలో కాగితం మీద ఉందట. మే నెలలో మా ఊళ్లో అలాంటి చోటు ఫ్రిజ్ ఒక్కటే.

ఎండ గొడవ లేని పని చూద్దామని ఇడ్లీపిండి మీద పడ్డాను. పిండి గాజు సీసాలో పోసి, రాత్రి పదింటికి ఎదురుగా ఫోను పెట్టి పడుకున్నాను. అయిదు నిమిషాలకే మా ఆవిడ వంటింట్లో లైటు ఆర్పేసింది. పొదుపు ఆవిడ రక్తంలోనే ఉంది. ఎనిమిది గంటల చీకటిని పది సెకన్లకో బొమ్మ చొప్పున తీస్తే 96 సెకన్ల చీకటి వస్తుంది. లెక్క సరిపోయింది, నేనే చూసుకున్నాను. చివరి రెండు సెకన్లలో లైటు వెలిగింది. అప్పటికి సీసా మూత సీసా మీద లేదు. పిండి పొయ్యిగట్టు మీద ఉంది.

"మీ సినిమా పాడుగాను, గట్టు ఎవరు కడుగుతారు?" అంది ఆవిడ.

సినిమా అన్నది కనుక ఫాల్కే కథ చెప్పాను. 1912లో లండన్ నుంచి కెమెరా తెచ్చుకున్న దాదాసాహెబ్ ఫాల్కే మొట్టమొదట హరిశ్చంద్రుణ్ణి తీయలేదు. కుండీలో బఠానీ గింజలు నాటి, అవి మొలకెత్తి తీగ సాగేదాకా నెలకు పైగా కుండీ ఎదుట కెమెరా పెట్టుకుని ఒక్కొక్క బొమ్మా తీశాడు. అది చూసే పెట్టుబడి పెట్టేవాళ్లకు నమ్మకం కుదిరింది. 'రాజా హరిశ్చంద్ర' ఆ మరుసటేడు వచ్చింది. అంటే మన సినిమా పుట్టింది టైమ్‌లాప్స్‌లోనే. "ఆయన భార్య సరస్వతీబాయి నగలు కూడా తాకట్టుకిచ్చింది తెలుసా!" అన్నాను ఊపులో. మా ఆవిడ ఏమీ అనలేదు. గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆషాఢంలో మా ఇంటి బ్రహ్మకమలం మొగ్గ తొడిగింది. నాలుగేళ్ల కిందట కడియం నర్సరీలో ఒక ఆకు ఇస్తే తెచ్చి పాతాను. నిజానికి అది ఆకు కాదట, కాండమేనట. పేరు కూడా మనం అరువిచ్చిందే. అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో ఉంటుంది, ఇదేమో అమెరికా ఖండం నుంచి వచ్చిన జెముడు జాతి. ఆ మాట మా అమ్మ దగ్గర అనకూడదు. అమ్మ లెక్కలో బ్రహ్మదేవుడు దీనిమీదే కూర్చుంటాడు.

మొగ్గ ఇన్నాళ్లూ తల వంచుకుని ఉండి, ఆ సాయంత్రం మెడ పైకెత్తి ఉబ్బింది. ఇవాళేనంది అమ్మ. రాత్రి ఎనిమిదింటికి మొదలై, అర్ధరాత్రికి పూర్తిగా విచ్చుకుని, తెల్లవారేసరికి వాడిపోయే పువ్వు. దీన్ని కాకపోతే దేన్ని తీస్తాం?

ఈసారి పకడ్బందీగా దిగాను. చెంబు మానేసి, కిలో సోనామసూరి గుడ్డసంచిలో పోసి, అందులో ఫోను కూరుకునేలా నిలబెట్టాను. బియ్యం సంచి పట్టినట్టు ఏ స్టాండూ పట్టదు, కావాలంటే చూడండి. ఛార్జరుకు ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టాను. ఫోన్లో చోటు కోసం నాలుగేళ్ల శుభోదయాలన్నీ తుడిచేశాను. అప్పు కావాలా అని ఎవరో అడిగితే రికార్డింగ్ ఆగిపోతుందని ఏరోప్లేన్ మోడ్ వేశాను. తెర మీద మొగ్గను వేలితో నొక్కి పట్టి ఫోకస్సూ వెలుతురూ తాళం వేశాను. లేకపోతే ప్రతి బొమ్మకీ ఫోను తనకు తోచిన వెలుతురు పెట్టుకుంటుంది, వీడియో ట్యూబులైటు స్టార్టరులా కొట్టుకుంటుంది. పెరట్లో బల్బు స్విచ్చికి ప్లాస్టరు అంటించి, మా ఆవిడకు అప్పగింతలు పెట్టాను. ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా అయిదు గంటలు. పది సెకన్లకో బొమ్మ. మొత్తం 1800 బొమ్మలు. సరిగ్గా ఒక నిమిషం.

అప్పుడు తెలిసింది అసలు కష్టం. అయిదు గంటలు పొద్దుపోవాలంటే ఫోను చూసుకోవాలి. ఫోనేమో బియ్యంలో ఉంది.

పుస్తకం తీశాను, పెట్టేశాను. దోమలు లెక్కపెట్టాను. విచ్చుకుందా లేదా అన్న ఆరాటం ఒకటి. తెర తాకితే ఫోను కదులుతుందని భయం. అందుకని తెలివిగా ఫోను జోలికి పోకుండా, నేరుగా కుండీ దగ్గరికే వెళ్లి, పువ్వు మీదికి వంగి చూసి వచ్చేవాణ్ణి. పావుగంటకోసారి. ఎంతలే, అర నిమిషం.

పదకొండింటికి వాసన గోడ దాటింది. పక్కింటి మామ్మగారు కుంకుమ భరిణెతో వచ్చారు. ఆవిడ వెనక ఆవిడ కోడలు, ఎదురింటివాళ్లు, వాళ్లింటికొచ్చిన చుట్టాలు. అమ్మ హారతి వెలిగించింది. అందరూ ఫోన్ల లైట్లు వేసుకుని ఒక్కసారి పువ్వు మీద పడ్డారు. "అమ్మా, వెలుతురు తాళం వేశానండీ" అని నేను అరుస్తుంటే, తాళం పోయిందేమో అనుకుని ఎదురింటాయన నేలంతా వెతికిపెట్టాడు.

ఒంటిగంటకు ఫోను తీసి చూశాం. ఏడు నిమిషాల హారతి సెకనున్నర కూడా లేదు. అంతా తెల్లటి మెరుపు. పోతే పోయింది. మిగతా నిమిషమంతా పువ్వు రేకు రేకునా విడుతోంది, నిజంగానే విడుతోంది. కానీ మూడు సెకన్లకోసారి, గడియారం కొట్టినట్టు, దాని ముందు గుండ్రంగా నున్నగా ఏదో ఒకటి తళుక్కున మెరిసి మాయమవుతోంది.

"అదేవిట్రా?" అంది అమ్మ.

నా నడినెత్తి. నేను ఎన్నడూ చూడని వైపు. పంతొమ్మిది సార్లు.

మా ఆవిడ అప్పటికప్పుడు చుట్టాల గ్రూపులో పెట్టేసింది. తెల్లారేసరికి ముప్పై ఒక్క జవాబులు. పువ్వు గురించి ఒక్కటీ లేదు. మా బాబాయి అయితే ఏదో తైలం పేరు రాసి, రోజూ రాత్రి పట్టించమన్నాడు. మేనల్లుడు ఒక్కడే, "మావయ్యా, ఫ్రేమింగ్ బాగుంది" అన్నాడు.

మొన్న ఉదయం మొక్కకు నీళ్లు పోస్తూ మా ఆవిడ కేకేసింది.

"ఏవండీ, ఇంకో మొగ్గ ఉంది. వచ్చేవారం విచ్చుకుంటుంది కాబోలు. బియ్యం సంచి అక్కడే ఉంది. ఈసారి మాత్రం మంకీ క్యాప్ పెట్టుకోండి."