కోడుమూరు సాలార్‌జంగు

పొద్దున ఏడున్నరకు వీధి మొదట్లో మైకు మోగుతుంది: "పాత ఇనుప సామాన్లకు, పగిలిన ప్లాస్టిక్ బిందెలకు ఎర్రగడ్డలిస్తాం!" ఊరంతా తక్కెడ చూడ్డానికి బయటికొస్తే, మా సారు మాత్రం ఆటో వెనక గోతాలు చూడ్డానికి పరుగెత్తుతారు. ఒక చేత్తో లుంగీ, ఇంకో చేత్తో అయస్కాంతం. డ్రైవరు బండి ఆపేలోపల సగం మనిషి సామాన్లలో దూరి ఉంటారు. బయటికి కనిపించేవి కాళ్ళే. ఆ కాళ్ళకే నమస్కారం పెట్టి పోవడం మా వీధిలో చాలామందికి అలవాటైంది.

రిటైరయిన లెక్కల సారు. ఊరు పెట్టిన పేరు సాలార్‌జంగు. పెట్టినవాళ్ళు ఎగతాళికి పెట్టారు గానీ, ఆయన దాన్ని బిరుదుగా పుచ్చుకుని, అసలాయన చరిత్ర మాకందరికీ వినిపించారు. మూడో సాలార్‌జంగు 1912లో నిజాముకు దివానై, రెండేండ్లకే ఆ పని వదిలేసి, 1949లో పోయేదాకా వస్తువులు కొంటూనే ఉన్నాడట. పెండ్లి కూడా చేసుకోలేదట. ఈ చివరి ముక్క పూర్తవుతూనే వంటింట్లోంచి సారు భార్య గొంతు: "అందుకే అది మ్యూజియం అయింది. పెండ్లయింటే గుజిరీ అంగడి అయ్యుండు."

సారు సేకరణకు ఒక హద్దుంది. 1918 నవంబరుకు ముందుది వద్దు, 1939 సెప్టెంబరు తర్వాతది వద్దు. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ పుట్టిన దీపాలు, కుర్చీలు, నిలువుటద్దాలు, గడియారాలే కావాలి. ఎందుకట్లా అంటే, "యాదో ఒక గట్టు ఉండాలప్పా. లేకుంటే మన చేను యాడ అయిపోతాదో తెలీదు" అంటారు.

ఈ గట్టు పుణ్యాన ఆయనకు ప్రపంచంలో అన్నిటికంటే ఇష్టమైన దేశం చెకోస్లొవేకియా. అది 1918 అక్టోబరులో పుట్టింది; 1939 మార్చిలో హిట్లరు మింగేశాడు. తన కోసమే పుట్టి తన కోసమే పోయిన దేశమని సారు నమ్మకం. గాజు లాంపు అడుగున ఆ పేరు కనబడితే కండ్లు చెమ్మగిల్లుతాయి. యుద్ధం అయిపోయాక ఆ దేశం మళ్ళీ లేచి, 1992 దాకా బతికి, అదే పేరు వేసి గాజు సామాను అమ్మిందే, అది మాత్రం ఆయన ఈ రోజుకీ క్షమించలేదు. "పోయినోళ్ళు పోయినట్ల ఉండాల గదప్పా" అంటారు.

ఆ కాలంలో మా ఊరికి కరెంటు స్తంభం రాలేదు. మగ్గం గుంత మీద కందీలు, పడసాల గూట్లో బుడ్డి దీపం, కలిగినోళ్ళ ఇంట్లో బల్ల మీద చిమ్నీ లాంపు. పెండ్లి ఊరేగింపు వచ్చినా, వీధినాటకం ఆడినా పెట్రోమాక్సు. ఆ పేరు బెర్లిన్‌లోని ఎరిష్ అండ్ గ్రెట్జ్ కంపెనీ పెట్టుకున్నది; మాక్స్ గ్రెట్జ్ అనే ఆయన పేరు అందులో ఇమిడి ఉంది. ఈ కథ చెప్పేటప్పుడు సారు ఒకచోట ఆగి గాలి పీల్చుకుంటారు. ఆ దీపంలో వెలిగే జాలీ సంచి, అదే మాంటిలు, తోరియం ఉప్పులో ముంచి తీసింది. ఆ తోరియం కోసం మన తిరువాన్కూరు సముద్రపొడ్డు ఇసుకను ఓడల్లో సీమకు తోలుకుపోయారు. "మన ఇసుకను మనకే అమ్మినారు!" అని బల్ల గుద్దుతారు. మాంటిలు ఒకసారి కాలాక మిగిలేది బూడిద గూడే, గట్టిగా తుమ్మినా రాలిపోతుంది. బల్ల గుద్దిన ప్రతిసారీ ఒకటి రాలింది. ఇప్పుడు అదే మాట దగ్గర చెయ్యి పైకి లేస్తుంది, గాల్లోనే ఆగుతుంది.

ఇవిగాక, గుడ్డ చుట్టిన వైర్లతో బెంగళూరునుంచి వచ్చిన కరెంటు లాంపులు నాలుగున్నాయి. వాటి ప్లగ్గులు ఆమె దాచేసింది.

కొనేముందు పరీక్ష గట్టిగానే ఉంటుంది. ముందు అయస్కాంతం: అసలు ఇత్తడిని పట్టదు, ఇత్తడి పూత పూసిన ఇనుమైతే అతుక్కుంటుంది. తర్వాత భూతద్దం పెట్టి మరలు చూడడం. మర తలమీద ప్లస్సు గాడి ఉంటే ముఖం మాడుతుంది, ఎందుకంటే ఆ రకం మరలు అమెరికాలోనే 1930ల నడుమ గాని వాడుకలోకి రాలేదు. చివరగా వాసన. అది దేనికో నేను అడగలేదు. ఎవరైనా ధగధగలాడే ఇత్తడి బూర ఉన్న గ్రామఫోను తెస్తే దూరంనుంచే చెయ్యి ఊపేస్తారు. 1930ల నాటికి చాలావాటికి బూర పెట్టెలోపలికి పోయింది. బయట అంత మెరుస్తోందంటే దాన్ని నిన్నగాక మొన్న అతికించారని లెక్క.

ఇంత పరీక్ష చేసే మనిషి కథ దగ్గరికొచ్చేసరికి పసిబిడ్డ. ఈ సంగతి ఊరు తొందరగానే పసిగట్టింది. మా వీధి చివర అవ్వ మొదటిసారి చిమ్నీ లాంపు తెచ్చి "అటక మీద పడుండె సామీ" అంది. మూడు నూర్లిచ్చారు. రెండోసారీ అదే రకం లాంపు: "దీని ఎలుతుర్లోనే మా మామ పత్తి లెక్కలు రాసేటోడు." ఆర్నూర్లు. మూడోసారి తెచ్చినదానికి చిమ్నీ లేదు, ఒత్తి తిప్పే చెవి లేదు. దొంగలు పడిన రాత్రి దాంతో ఒకని నెత్తి పగలగొట్టిన కథ ఉంది. పదైదు నూర్లు. తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల కోసం జనం వంగి వంగి నడుస్తుంటారు. మా ఊర్లో ఆ వేటకు వానతో పని లేదు.

కుర్చీలదీ అదే వరస. 1953 అక్టోబరు 1 నుంచి మూడేండ్లు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. 1956లో రాజధాని హైదరాబాదుకు పోయింది గానీ, ప్రకాశం పంతులు కూర్చున్న కుర్చీలన్నీ ఇక్కడే ఉండిపోయాయి. సారింట్లోనే నాలుగున్నాయి. పంతులు ముఖ్యమంత్రిగా ఉన్నది పద్నాలుగు నెలలు కూడా లేదు. అందులో చాలాభాగం కోడుమూరు చుట్టుపక్కల కూర్చోవడానికే సరిపోయినట్టుంది. "రాజధాని యాభైమూడులో గదా సార్, మీ గట్టు ముప్పైతొమ్మిదే గదా" అన్నాను ఒకసారి.

"కుర్చీ ముందే చేసింటారప్పా. పంతులు వచ్చేదాకా ఖాళీగా ఉండె."

ఈ మధ్య ఇంకో సంబరం మొదలైంది. 1972 నాటి చట్టం ప్రకారం నూరేండ్లు నిండిన వస్తువే పురావస్తువు. అంటే సారింట్లో సామాను ఒక్కొక్కటిగా ఇప్పుడే మేజరవుతోంది. 1925లో పారిస్‌లో అలంకార కళల ప్రదర్శన జరిగిందని, ఆర్ట్ డెకో అనే పేరు దాన్నిబట్టే తర్వాత వచ్చిందని మాకు చెప్పి, తన ఆకుపచ్చ గాజు లాంపు ఆ ఏడాదిదేనని తేల్చి, దాని నూరేండ్ల పుట్టినరోజుకు వీధంతా ఓళిగలు పంచారు. ఇంటింటికీ తిరిగి ఇచ్చింది ఆమె. ఓళిగతోపాటు "నాకు అరవై నిండినప్పుడు ఒక రైక గుడ్డ కూడా లేదు" అనే మాట కూడా అందరికీ సమానంగా పంచింది.

అంతటితో ఊరుకునే మనిషి కాదు. సారు బెంగళూరు ఆదివారం సంతకు పోయిన రోజు, రిజిస్టరులో "47. కందీలు. ఎమ్మిగనూరు, మగ్గం ఇల్లు" అని ఉన్నదాన్ని ఎర్రగడ్డల ఆటోకు వేసి నాలుగు కేజీలు తూయించుకుంది. మూడో రోజు ఆటో మళ్ళీ వచ్చింది. ఇప్పుడు డ్రైవరు జేబులో కూడా ఒక అయస్కాంతం ఉంటోంది. కందీలు బయటికి తీసి, అయస్కాంతం పెట్టాడు. అది రేకుకు టక్కున అతుక్కుంది. అతనేం కంగారు పడలేదు.

"గుంతకల్లుది సార్. ఎం అండ్ ఎస్‌ఎం రైల్వే గార్డుదంట. దీన్ని ఊపి మెయిలు బండినే ఆపినారంట. డెక్కో మాలు."

సారు తిప్పి చూశారు. అడుగున ఎర్ర పెయింటుతో, ఆయన చేతిరాతలోనే, 47 అని ఉంది. నేనూ చూశాను. ఆయన బొటనవేలు మెల్లగా జరిగి ఆ అంకె మీద కూర్చుంది.

"మెయిలు యాడ ఆపినారంట?"

"ఆదోని ఇవతల సార్. కుండపోత వాన. పట్టాల మీద మోకాటి లోతు నీళ్ళు."

"రాత్రిపూటా?"

"అమాస సార్."

ఎనిమిది నూర్లిచ్చి లోపలికి తెచ్చారు. రిజిస్టరు తెరిచి, 47 ఎదురుగా ఉన్న మగ్గం ఇల్లు కొట్టేసి, గుంతకల్లు, అమావాస్య, వాన అని రాసుకున్నారు. అప్పటికి ఆమె ఆ నాలుగు కేజీల్లోంచి రెండు గడ్డలు తరిగి ఉగ్గాని తిరగమోత వేసింది. నాకూ ఒక ప్లేటు పెట్టింది. బజ్జీల్లో ఉప్పు రోంత ఎక్కువైంది.