భుజకీర్తుల వేటగాళ్లకు సలహాలు

పాతకాలపు ఎస్పీల, ఐజీల భుజాల మీది బ్యాడ్జీలు పోగుచెయ్యాలని సరదా పుట్టిందా? గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు అమ్మి, జేబు బరువెక్కిన రోజునే బయల్దేరండి. ఆ పూట బేరమాడే బుద్ధి ఎలాగూ పుట్టదు.

సరుకు కంటే కథ ముఖ్యం. ‘‘మా తాత 1930లో ప్రకాశం జిల్లా ఎస్పీ అండీ, ఐపీఎస్’’ అని అమ్మేవాడు అన్నాడా, అడిగినంతా ఇచ్చెయ్యండి. అప్పట్లో ఒంగోలు గుంటూరు జిల్లాలోదేననీ, వేరే జిల్లా అయింది 1970లోననీ, ప్రకాశం పేరు 1972లో వచ్చిందనీ, తెల్లదొరల హయాంలో ఆ సర్వీసు పేరు ఐపీయే తప్ప ఐపీఎస్ కాదనీ పక్కవాడెవడో గొణుగుతాడు. తాతగారికి ముందుచూపు ఎక్కువని సరిపెట్టుకోండి.

కిరీటం కింద ‘ఏపీ’ అని ఉన్న బ్యాడ్జీ కనిపిస్తే అస్సలు వదలొద్దు. 1950లో గణతంత్రం రాగానే కిరీటం దిగిపోయి సింహాలు ఎక్కాయి. 1953 దాకా మన జిల్లాల వాళ్లు మద్రాసు పోలీసులు. ఆంధ్రప్రదేశ్ పుట్టిందేమో 1956లో. అంటే ఇలాంటిది ఎవరి భుజం మీదా ఉండే వీల్లేదు. ఇంతకంటే అరుదైన వస్తువు ఇంకేముంటుంది?

హోదాల గురించి పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు, కత్తెర ఉంటే చాలు. మూడు నక్షత్రాలూ, చివర ఎరుపు నీలం రిబ్బనూ ఉంటే ఇన్‌స్పెక్టర్. రిబ్బను లేకపోతే డీఎస్పీ. కత్తిరించండి, ప్రమోషన్ వచ్చేసినట్టే. సర్కారువారు ఇదే పనికి ఏళ్లకేళ్లు తీసుకుంటారు. ఎస్పీకి సింహాల ముద్రతో ఒక నక్షత్రం, డీఐజీకి మూడు. తక్కువైన రెండూ తెనాలి వైపు నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర దొరక్కపోవు. ఐజీకైతే కత్తీ బ్యాటనూ అడ్డంగా పెట్టి పైన నక్షత్రం ఉండాలి. అది కాస్త పెద్ద పని, కంసాలి కావాలి.

ఇంటికి తెచ్చాక చింతపండూ ఇసుకా వేసి తోమండి. వందేళ్ల చిలుమంతా పోయి పెళ్లిపందిట్లో బిందెలా మెరవాలి. వెనకవైపు బర్మింగ్‌హామ్ గాంట్ కంపెనీ లాంటి పేరేదైనా చెక్కి ఉంటే అక్కడ ఇంకో నాలుగు రుద్దులు ఎక్కువ రుద్దండి. వెనక్కి తిప్పి చూసేదెవరు? కొక్కేలు విరిగితే ఫెవిక్విక్ ఉండనే ఉంది.

అద్దాల బీరువాలో పెట్టుకుంటే ఊళ్లో ఎవరికి తెలుస్తుంది? చొక్కాకి తగిలించుకుని కారెక్కండి. కాజ టోల్‌గేటు దగ్గర భుజం చూపించి, డబ్బులు అడిగినవాణ్ని గదమాయించండి. అలా మోసం చేసే ఉద్దేశంతో పోలీసు గుర్తులు తగిలించుకుంటే భారతీయ న్యాయ సంహిత 205వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా ఉన్నమాట నిజమే. కానీ అసలుసిసలు ఎస్పీగారి భుజాన్ని జానెడు దూరంనుంచి, తీరిగ్గా, పైసా ఖర్చు లేకుండా పరిశీలించే అవకాశం సేకర్తలకు మరోలా రాదు.