దయ్యాల రాకపై ఒక గృహస్థు అర్జీ

మహారాజశ్రీ అపార్టుమెంటు సంక్షేమ సంఘం అధ్యక్ష, కార్యదర్శుల వారి దివ్యసముఖమునకు, విశాఖ కూర్మన్నపాలెం కాపురస్తుడు, స్టీల్‌ప్లాంటు రా మెటీరియల్ విభాగంలో ఉద్యోగం చేసి రిటైరైనవాడు, బీపీకీ షుగరుకీ చెరిసగం హక్కుదారు అయిన నాలుగో అంతస్తు గృహస్థు విన్నవించుకొను సంగతులు.

ఈ 2020 అక్టోబరు 17న నవరాత్రులు మొదలవుతాయనగా లిఫ్టు పక్కన తమరు ఒక నోటీసు అంటించారు. కరోనా దృష్ట్యా ఈ ఏడాది బొమ్మల కొలువు పేరంటాలు లేవు, పిల్లలు ఇంటింటికీ తిరగకూడదు, ప్రసాదాలు పంచకూడదు. బాగుంది. రాష్ట్రంలో కేసులు 8 లక్షలకి దగ్గరపడుతున్న రోజుల్లో ఆ మాత్రం కట్టడి ఉండాల్సిందేనని నేనే నలుగురికీ చెప్పాను. మా ఆవిడ మాత్రం అటక మీది పెట్టె దింపించి, మెట్లు కట్టి, కొండపల్లి దశావతారాలూ ఏటికొప్పాక లక్కపిడతలూ వరసగా పేర్చింది. చూడ్డానికి ఎవరూ రారని తెలిసే పేర్చింది. పొద్దు వాలేసరికి శనగలు తాళింపు వేసింది. పంచకూడదు కనుక అవన్నీ ఎవరి కడుపులోకి చేరాయో వేరే చెప్పనక్కర్లేదు. షుగరు మనిషికి గుగ్గిళ్లు మంచివేనట. గ్యాసు సంగతి ఆ చెప్పినాయన చెప్పలేదు.

25న విజయదశమి వెళ్లింది. మర్నాడు అదే గోడకి, పాత నోటీసు మీదే, కొత్తది అతికించారు. 31వ తేదీ శనివారం సాయంత్రం హాలోవీన్. పిల్లలు దయ్యాల వేషాల్లో, కుటుంబ సమేతంగా, ఫ్లాటు ఫ్లాటుకీ వచ్చి కాలింగ్ బెల్ కొడతారు. ఇంటివారు చాక్లెట్లు సిద్ధం చేసుకోవాలి. అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, కోవిడ్ నిబంధనలు పాటించవలెను.

అంటే ఈ మహమ్మారికి పేరంటం అంటే పడదు, దయ్యాలంటే అభ్యంతరం లేదు. ఈ సంగతి తమరికి ఏ డాక్టరు చెప్పాడో ఆయన పేరు కూడా నోటీసులో వేస్తే బాగుండేది. మేమూ చూపించుకునేవాళ్లం.

ముందుగా తిథి గురించి. 31న పున్నమి. ఈ ఏడు అధికమాసం వచ్చి దసరాని నెల రోజులు వెనక్కి నెట్టింది. మహాలయ అమావాస్య సెప్టెంబరు 17నే అయిపోయింది. మా పితృదేవతలు వచ్చి, మర్యాదగా పెట్టింది తిని, ఎవరి లోకానికి వాళ్లు వెళ్లిపోయారు. ఇప్పుడు నిండు పున్నమి వెన్నెల్లో తిరిగే ఈ దయ్యాలు ఎవరి తాలూకు? మా చిన్నప్పుడు దయ్యాలకి అమావాస్య అనే క్రమశిక్షణ ఉండేది. చింతచెట్టు అనే స్థిరనివాసం ఉండేది. లిఫ్టెక్కి నాలుగో అంతస్తుకి వచ్చే దయ్యాన్ని మా తాతగారు కూడా చూసి ఉండరు.

ఇక వేషం. ట్రయల్ చూపిస్తానని మూడో అంతస్తు కుర్రాడు మొన్న మా గుమ్మంలోకి వచ్చాడు. నల్ల దుప్పటి, రబ్బరు పుర్రె ముఖం. ఆ రబ్బరు ముఖానికి ముక్కు దగ్గర రెండు బెజ్జాలు, నోటి దగ్గర ఓ పెద్ద చీలిక. అసలు గుడ్డ మాస్కు గడ్డం కింద వేలాడుతోంది. అదేం నాయనా అంటే, పుర్రె కింద అది కూడా పెట్టుకుంటే ఊపిరాడటం లేదు తాతగారూ అన్నాడు. వాడిని తప్పుపట్టను. అమెరికా వాళ్ల ఆరోగ్య సంస్థ సీడీసీ అయినా అదే చెప్పింది: వేషం ముఖం గుడ్డ మాస్కుకి బదులు కాదు, ఒకదాని మీద ఒకటి వేసుకుంటే ఊపిరి కష్టమవుతుంది, వేసుకోకండి అని.

అమెరికా మాట ఎత్తాను కనుక అక్కడి వైభవం కూడా వినండి. తమరు నమ్మేది అక్కడి మాటే కదా. మా అమ్మాయి ఉండేది న్యూజెర్సీలో. ఈ నెల పొడుగునా వీడియో కాల్లో ఒకటే గొడవ: పిల్లల్ని తిప్పాలా, మానాలా? లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆరోగ్య శాఖ సెప్టెంబరులో ఓ రోజు ఇంటింటి తిరుగుడు నిషిద్ధమంది. మర్నాటికల్లా నిషేధం కాదు, వద్దని సలహా మాత్రమే అంది. ఈ ఒక్క ముక్క చాలు, వాళ్లూ మన సంఘం లాంటి సంఘమే నడుపుతున్నారని చెప్పడానికి. ఆ నెలలోనే సీడీసీ మూడు తరగతులు కట్టింది. ఇంట్లోవాళ్లే కూచుని గుమ్మడికాయ చెక్కుకుంటే ముప్పు తక్కువ. మిఠాయిలు విడివిడిగా పొట్లాలు కట్టి వాకిట్లో పెట్టేస్తే, పిల్లలు వచ్చి తీసుకుపోతే, మధ్యరకం. గుమ్మం గుమ్మానికీ వెళ్లి చేతికి చేయి తగిలేలా పుచ్చుకోవడం ఎక్కువ ముప్పు. తమరు మూడింటిలో ఏది ఎంచారో నోటీసు చెబుతూనే ఉంది.

వాళ్లకి ఈ తిరుగుడు ఆపడం కొత్తేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధంలో పంచదారకి రేషన్ పెట్టినప్పుడు ఈ చాక్లెట్ల భిక్ష చాలావరకు ఆగిపోయింది. యుద్ధం అయ్యాక మళ్లీ మొదలైంది. ఏ దయ్యమూ అలిగి వెళ్లిపోలేదు.

మా అల్లుడు మాత్రం పండగ ఆపలేదు. అక్కడ చాలామంది చేస్తున్నట్టే తనూ ఆరడుగుల ప్లాస్టిక్ పైపు కొని మెట్ల కమ్మీకి కట్టాడు. పైనుంచి ఆయన చాక్లెట్ వదలడం, కింద పిల్లలు సంచీ పట్టడం. ముచ్చటగా ఉందని మా ఆవిడ మురిసిపోయింది. నేను ముప్పు చూశాను. ఉద్యోగమంతా ఖనిజమూ బొగ్గూ బెల్టుల మీద, చ్యూట్లలో ఎలా జారతాయో చూసుకున్నవాణ్ణి. వాలు చాలకపోతే సరుకు మధ్యలో గడ్డ కట్టి కూచుంటుంది, వెనకాల వచ్చేది దాని మీద పడుతుంది. సరిగ్గా అలాగే ట్రయల్‌లోనే రెండు చాక్లెట్లు పైపు నడుమ ఇరుక్కున్నాయి. మా అల్లుడు చీపురుపుల్ల పెట్టి పొడిచాడు. వాలు పెంచు నాయనా అని ఇక్కణ్ణుంచి అరిచాను. అమెరికాలో ఇంజినీరు మాట ఎవరు వింటారు.

మనకి పైపులు అక్కర్లేదు. మన దగ్గర ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండేది. దాన్ని మనమే చంపుకున్నాం. పాతకాలపు బడిపంతులు దసరా సెలవులు రాగానే తన పిల్లల్ని ఊరేగింపుగా తీసుకుని బయల్దేరేవాడు. ఒక్కొక్కడి చేతిలో రంగు కాగితం చుట్టిన వెదురు విల్లు. బాణం బదులు బుక్కాగుండ, పూలరేకులు. వాకిట్లో నిలబడి దసరా పద్యాలు పాడేవారు. గృహస్థుని గుణగణాలు పొగిడి, ఇంటి ఇల్లాలిని దీవించి, ఆ తర్వాతే పంతులుగారికి రొక్కం, పిల్లలకి పప్పూ బెల్లం అని విన్నవించేవారు. ఇక్కడ గమనించండి. హాలోవీన్‌లోలా ఇస్తావా చస్తావా అని బెదిరింపు లేదు. పొగిడి పుచ్చుకోవడమే. పొగడ్తకి పడని పిసినారి మా వీధిలో ఒక్కడే ఉండేవాడు, వాడు కూడా చివరికి బెల్లం ముక్క ఇచ్చాడని చెప్పుకునేవారు.

మహమ్మారి దృష్టితో చూడండి. పిల్లలు ఉండేది వీధిలో, నెత్తిన ఆకాశం. గడప దాటి లోపలికి రారు, కూచోరు, తినరు. పద్యం అయిపోగానే పక్కింటికి కదులుతారు. పట్టుమని పది నిమిషాలుండదు. పుచ్చుకున్న పప్పుబెల్లాలు సంచిలో పడతాయి. వైరస్ గాలిలోనూ పాకగలదని, మూసిన గదుల్లో ఆరడుగుల దూరం కూడా ఒక్కోసారి చాలదని సీడీసీ ఈ అక్టోబరు 5న ఒప్పుకుంది. మన పంతుళ్లు ఆ సంగతి తెలిసి చేశారని నేననను. వాళ్లకి కావలసింది జీతానికి తోడు నాలుగు రూపాయలు. కానీ ఏర్పాటు మాత్రం భేషైనది.

దాని పక్కన శనివారం నాటి మీ కార్యక్రమం పెట్టి చూడండి. నలుగురు పట్టే లిఫ్టులో ఎనిమిది దయ్యాలు. ఒక్కో దయ్యానికీ ఫోను పట్టుకున్న తల్లి, సంచి పట్టుకున్న తండ్రి. కిటికీ లేని కారిడార్. గుమ్మంలో ఫొటో, లోపల సోఫాలో ఫొటో, ఒక్క నిమిషం ఆంటీ అని ఇంకో ఫొటో. అసలు పిల్లలతో నాకు తగువు లేదు. మార్చి నుంచీ పాపం గుంటలు ఫోనులోనే బడి చదువుతున్నారు, నవంబరు 2 నుంచి బడులంటున్నారు గానీ అందరినీ ఒకేసారి పంపేది లేదు. వాళ్లు తిరగాల్సిందే. కుటుంబ సమేతంగా అన్న ముక్కతోనే నా తగువు.

పోనీ ఊరంతా ఇలాగే ఉందా అంటే లేదు. ఏప్రిల్‌లో సింహాచలం అప్పన్న చందనోత్సవం భక్తులు లేకుండా జరిగింది. స్వామి నిజరూప దర్శనానికి ఏడాదంతా ఎదురుచూసే జనం ఇళ్లలోనే దండం పెట్టుకున్నారు. ఆగస్టు 22న చవితికి వీధి పందిళ్లు వద్దంది ప్రభుత్వం. పందిరి లేకపోయినా చందా పుస్తకం మాత్రం మా ఇంటికి వచ్చిందనుకోండి. పందిరే లేదు కదర్రా అంటే, వచ్చే ఏటికి అడ్వాన్సండీ అన్నారు. మొన్న మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం బయటి జనాన్ని రానీయకుండా కానిచ్చారు. లక్షల మంది చూసే సిరిమాను అలా తిరిగింది. అమ్మవారు సర్దుకుంది, అప్పన్న సర్దుకున్నాడు. సర్దుకోనిది మన సాంస్కృతిక ఉపసంఘం.

మా స్టీల్‌ప్లాంటు మాత్రం ఆగలేదు కదా అని కార్యదర్శిగారు అంటారని నాకు తెలుసు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ, ఇవి బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు. వాటిని దీపంలా ఊది ఆర్పడం కుదరదు. కోక్ ఓవెన్లు చల్లారితే లోపలి ఇటుకలు పగులుతాయి. అందుకే కుర్రాళ్లు షిఫ్టులకి వెళ్లారు. హాలోవీన్ చల్లారితే ఏ ఇటుక పగులుతుంది?

ఇంతా చెప్పి మానేయమంటున్నానని తమరు అనుకోవద్దు. ఈ ఊరికి వచ్చిన చుట్టాన్ని నిలబెట్టి మరీ లోపలికి తీసుకోవడం తెలుసు. 1933 నుంచీ రేవు నడుస్తున్న పట్నమిది. రేవు కాయిదా ప్రకారం బయటి దేశం నుంచి వచ్చిన ఓడ పసుపు జెండా ఎగరేస్తుంది. మా ఓడలో రోగం లేదు, గట్టెక్కడానికి అనుమతి ఇవ్వండి అని దాని అర్థం. ఆరోగ్యాధికారి సరేనన్నాకే రాకపోకలు. ఈ ఏడాది మొదట్లో చైనా రేవుల నుంచి వచ్చిన ఓడల సిబ్బందిని గట్టు మీదికి దిగనివ్వలేదు, సరుకు మాత్రం దిగింది. మనిషి పైన, సరుకు కింద. అదే పద్ధతి మనకీ చాలు.

దానికి సాధనం కూడా ప్రతి బాల్కనీలోనూ ఉంది. లాక్‌డౌన్‌లో పాలపాకెట్లూ తోటకూర కట్టలూ పైకి ఎలా తెచ్చుకున్నాం? తాడు కట్టిన బుట్టతో. రెండో అంతస్తు పిన్నిగారైతే ఆ బుట్టలోనే డబ్బులు దింపి, చిల్లర తక్కువొచ్చిందని పైనుంచే గొడవాడి, మళ్లీ బుట్ట పంపించి గెలిచింది. శనివారం దయ్యాలన్నీ కింద ఆవరణలో, ఆరుబయట, వెన్నెల్లో నిలబడాలి. ఇష్టమున్నవారు బాల్కనీకి పసుపు గుడ్డ కట్టుకుంటారు. ఇంట్లో ముసలివాళ్లో జబ్బువాళ్లో ఉండి వద్దనుకున్నవారు కట్టరు, వాళ్లని ఎవరూ ఎందుకని అడగకూడదు. జెండా ఉన్న చోట బుట్ట దిగుతుంది. పిల్లలు ఓ పద్యమో పాటో పాడాలి. బెదిరిస్తే బుట్ట పైకి పోతుంది. తల్లిదండ్రులు గేటు దగ్గర ఆగి, అంతగా కావాలంటే అక్కణ్ణుంచే జూమ్ చేసి ఫొటోలు తీసుకోవచ్చు.

ఇంకొకటుంది. తమ జాబితా చూశాను. అందులో ఫ్లాటు నంబర్ల పక్కన పిల్లల పేర్లున్నాయి. వాచ్‌మన్ పిల్లలిద్దరి పేర్లూ లేవు, వాళ్లకి ఫ్లాటు నంబరు లేదు కనుక. పంతులుగారి ఊరేగింపులో విల్లు పట్టిన ప్రతివాడికీ పప్పుబెల్లం ఉండేది. లాక్‌డౌన్‌లో మన బుట్టల్లో కూరలు వేసిందీ ఈ ఇద్దరే. వాళ్ల పేర్లు చేర్చండి. వీలైతే పైన చేర్చండి.

శనివారం సాయంత్రం ఆరింటికి మా బాల్కనీ నుంచి బుట్ట దిగుతుంది. అందులో మా ఆవిడ కట్టిన పప్పుబెల్లాల పొట్లాలుంటాయి, చాక్లెట్లు ఉండవు. లిఫ్టులో పైకొచ్చి బెల్ కొట్టినవారికి, వారు దయ్యాలైనా, వారి తల్లిదండ్రులైనా, ఉపసంఘ సభ్యులైనా, తలుపు తీయబడదు.